విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల్లో కొత్త అల్జీమర్స్ మందులు: ముందస్తు ఏర్పాట్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

లెకానెమాబ్, డోనానెమాబ్ పేర్లు ఇప్పుడు డాక్టర్ల కంటే ముందు ఇంట్లోవాళ్ల నోట వినిపిస్తున్నాయి. అమెరికాలో ఉన్న కూతురు ఫోన్ చేసి "నాన్నకి ఆ ఇంజెక్షన్ ఎందుకు వేయించట్లేదు?" అని అడుగుతుంది. తెనాలిలోనో నరసరావుపేటలోనో ఉంటున్న అన్నయ్య ఆ ప్రశ్న పట్టుకుని గుంటూరు కొత్తపేటకో, విజయవాడ సూర్యారావుపేటకో వస్తాడు. అక్కడ డాక్టరు ఏం చెప్పాలి, ఆసుపత్రి ఏం సిద్ధం చేసుకుని ఉండాలి అన్నదే ఈ పేజీ. ఇది ఆసుపత్రి నడిపేవారికి, నరాల డాక్టర్లకు, జనరల్ మెడిసిన్, సైకియాట్రీ డాక్టర్లకు, సిస్టర్లకు, స్కానింగ్ సెంటర్లవారికి రాసినది. ఒక్క మాట ముందే చెబుతాం: మందు కొనడం ఈ పనిలో ఆఖరి మెట్టు. ఎంఆర్ఐ, ఎమర్జెన్సీ గది సిద్ధంగా లేనిచోట మొదటి వయల్ ఫ్రిజ్‌లోకి రాకూడదు.

ఈ మందులు అసలేం చేస్తాయి?

అల్జీమర్స్‌లో మెదడు కణాల మధ్య అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముద్దలుగా పేరుకుంటుంది. ఈ రెండూ ఆ ముద్దలకు అతుక్కుని, వాటిని తొలగించేలా చేసే యాంటీబాడీలు. ఈ పేజీలో చెప్పేది రెండిటినీ సెలైన్‌లో కలిపి నరం ద్వారా ఎక్కించే పద్ధతి గురించే.

లెకానెమాబ్ ప్రధాన ట్రయల్‌లో 1,795 మంది ఉన్నారు. 18 నెలల తర్వాత మందు తీసుకున్నవారికి, తీసుకోనివారికి మధ్య తేడా జబ్బు తీవ్రత చూసే 18 పాయింట్ల కొలమానం మీద 0.45 పాయింటు. శాతంలో చెబితే జబ్బు ముదిరే వేగం 27% తగ్గింది. డోనానెమాబ్ ట్రయల్‌లో 1,736 మంది 76 వారాలు ఉన్నారు. అందులో కూడా తేడా దాదాపు ఈ స్థాయిలోనే వచ్చింది, జబ్బు తక్కువ ముదిరినవారిలో ఇంకాస్త మెరుగ్గా కనిపించింది.

ఇంట్లోవాళ్లకు ఇది ఇలా చెప్పండి: "పోయిన జ్ఞాపకం తిరిగి రాదు. జబ్బు ఆగదు. కొండ దిగుతున్న మనిషి కాస్త నెమ్మదిగా దిగుతాడు. ఆ నెమ్మది ఇంట్లో మీ కంటికి ఆనకపోవచ్చు కూడా." ఈ మాట చెప్పకుండా 27% అని మాత్రమే చెబితే వాళ్లు దాన్ని 27% నయం అవుతుందని వింటారు. ఆరు నెలల తర్వాత "ఏమీ మార్పు లేదండీ" అన్న నిరాశ అక్కడే పుడుతుంది.

మన దేశంలో దొరుకుతాయా?

డోనానెమాబ్‌కు అమెరికాలో 2024 జులైలో, మన దేశంలో 2025లో అనుమతి వచ్చింది. లెకానెమాబ్‌కు అమెరికాలో పూర్తి అనుమతి 2023 జులైలో వచ్చింది. అమెరికాలో ఉన్న పిల్లలు దాని గురించి కూడా అడుగుతారు కాబట్టి ఈ పేజీలో రెండూ చెబుతున్నాం.

విదేశం నుంచి సూట్‌కేసులో వచ్చిన వయల్‌ను ఎక్కించకండి. ఈ మందులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. గన్నవరం విమానాశ్రయం దాకా అది ఏ వేడిలో ప్రయాణించిందో చెప్పే రికార్డు ఎవరి దగ్గరా ఉండదు. పాడైన ప్రోటీన్ మందు చూడ్డానికి మామూలుగానే ఉండవచ్చు.

ఎంతమంది పేషెంట్లకు పనికొస్తుంది?

చాలా కొద్దిమందికే. మతిమరుపుతో వచ్చేవారిలో అందరికీ అల్జీమర్స్ ఉండదు. ఉన్నవారిలో చాలామంది మన దగ్గరికి వచ్చేసరికి మధ్యదశ దాటిపోతారు. మిగిలినవారిలో మెదడులో పాత రక్తపు మచ్చలు, గుండె జబ్బుకు వాడే రక్తం పలచబడే మాత్రలు, పేస్‌మేకర్ వంటివి అడ్డొస్తాయి. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు మెదడులో అమిలాయిడ్ ఉండి, జబ్బు తొలిదశలో ఉన్న 237 మందిని లెకానెమాబ్ ట్రయల్ నిబంధనలతో పోల్చి చూస్తే అర్హత తేలింది 8% మందికే.

అర్హత స్థూలంగా ఇది: స్వల్ప మతిమరుపు లేదా తొలిదశ డిమెన్షియా, అమిలాయిడ్ ఉన్నట్టు పరీక్షలో రుజువు, ఎంఆర్ఐలో నాలుగుకు మించని సూక్ష్మ రక్తపు మచ్చలు, మెదడు ఉపరితలం మీద రక్తపు చారలు లేకపోవడం, 1 సెంటీమీటరు మించిన పాత రక్తస్రావం లేకపోవడం. ఎంఎంఎస్ఈ (జ్ఞాపకం, ఆలోచన చూసే 30 మార్కుల చిన్న పరీక్ష) స్కోరు డోనానెమాబ్ ట్రయల్‌లో 20 నుంచి 28, లెకానెమాబ్ ట్రయల్‌లో 22 నుంచి 30.

తొలిదశలో పట్టుకోవడం ఎలా? పేషెంట్లు ఆలస్యంగా వస్తున్నారు కదా?

ఆలస్యానికి ప్రధాన కారణం "వయసు మీద పడింది, చాదస్తం" అనే మాట. ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు, పీహెచ్‌సీ డాక్టర్లకు పరీక్ష పేపర్ల కంటే ముందు నాలుగైదు మంచి ప్రశ్నలు ఇవ్వాలి. ఇంతకుముందు బాగా చేసే పని ఇప్పుడు తప్పుతోందా అన్నదే అన్నిటికీ మూలం. నలభై ఏళ్లుగా ఆవకాయ పెట్టినావిడకు ఈ ఏడాది కారం, ఉప్పు, ఆవపిండి పాళ్లు తప్పాయా? చీటీ పాట లెక్క నోటితో చెప్పే మనిషి ఇప్పుడు ఒకే చీటీకి రెండుసార్లు డబ్బు కట్టాడా? మిర్చి యార్డులో సరుకు అమ్ముకుని వచ్చిన రైతు ఎంతకు అమ్మాడో సాయంత్రానికి చెప్పలేకపోతున్నాడా? రోజూ వెళ్లే గుడి నుంచి ఇంటికి దారి తప్పాడా? తాళాలు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది. తాళం దేనికో తెలియకపోతే మాత్రం పంపించాల్సిందే.

పరీక్షలు తెలుగులో చెయ్యండి. ఇంగ్లిష్ ఎంఎంఎస్ఈని డాక్టరు అప్పటికప్పుడు తెలుగులో అడిగితే ఆ స్కోరు నమ్మదగింది కాదు. ఏసీఈ-3 అనే ఇంకాస్త వివరమైన జ్ఞాపకశక్తి పరీక్షకు తెలుగు రూపం ఉంది. ఐసీఎంఆర్ తయారుచేయించిన న్యూరోకాగ్నిటివ్ పరీక్షల పెట్టె కూడా తెలుగుతో కలిపి ఐదు భారతీయ భాషల్లో ఉంది. చదువు లేనివారికి హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ నుంచి వచ్చిన రూపాలు నయం. తారీఖు అడిగితే తెలియని పెద్దాయన తిథి, మాసం తడుముకోకుండా చెబుతాడు. దాన్ని తప్పుగా వేయకండి, ఏ క్యాలెండరు ఆయన జీవితంలో ఉందో ఆ క్యాలెండరే అడగండి. చెవుడు ఉన్న మనిషిని చెవి యంత్రం లేకుండా పరీక్షిస్తే వచ్చేది చెవి స్కోరు, మెదడు స్కోరు కాదు.

అమిలాయిడ్ పరీక్షకు ముందు ఏం చూడాలి?

బీ12, థైరాయిడ్, సోడియం, కాల్షియం, షుగర్, క్రియాటినిన్, లివర్ పరీక్షలు, అవసరాన్ని బట్టి వీడీఆర్ఎల్ (సిఫిలిస్ పరీక్ష), హెచ్ఐవీ. డిప్రెషన్ గురించి విడిగా అడగాలి. వాడుతున్న మందులన్నీ సంచితో సహా తెప్పించుకుని చూడాలి. నిద్రమాత్రలు, మూత్రం ఆపుకోలేనందుకు ఇచ్చే కొన్ని మాత్రలు, పాతకాలం అలర్జీ మాత్రలు మతిని మసకబారుస్తాయి. నెలక్రితం బండి మీంచి పడి, తలకు దెబ్బ తగిలి, నెమ్మదిగా రక్తం చేరిన పేషెంటును అల్జీమర్స్ అనుకోవడం జరగకూడని పొరపాటు. స్కాన్ అందుకే ముందు.

అమిలాయిడ్ ఉందని ఎలా రుజువు చేస్తాం? విజయవాడలో పెట్ స్కాన్ ఉంది కదా?

క్యాన్సర్‌కు తీసే పెట్ స్కాన్, అమిలాయిడ్ పెట్ స్కాన్ ఒకటి కాదు. మెషిన్ అదే కావచ్చు, ఎక్కించే రేడియో పదార్థం వేరు. అమిలాయిడ్‌కు వాడేవాటిలో ఎక్కువ భాగం ఫ్లోరిన్-18 కలిసినవి, వాటి సగం ఆయువు 110 నిమిషాలు. హైదరాబాద్ నుంచి రోడ్డు మీద 5 గంటలు పట్టిందనుకోండి, చేరేసరికి బయల్దేరినప్పటి శక్తిలో సుమారు 15% మిగులుతుంది. ముందే ఆరేడు రెట్లు ఎక్కువ పంపాలి, చౌటుప్పల్ దగ్గర ట్రాఫిక్ ఆగిందంటే ఆ రోజు స్కాన్ లేనట్టే. చాలా సందర్భాల్లో పదార్థాన్ని తెప్పించడం కంటే పేషెంటును పంపడమే తేలిక.

రెండో దారి వెన్ను నీరు. తీసే నీటిని పాలీప్రొపిలీన్ ట్యూబులోనే పట్టాలి. గాజుకు, పాలీస్టైరీన్‌కు అమిలాయిడ్ ప్రోటీన్ అంటుకుంటుంది, అప్పుడు ల్యాబులో విలువ తక్కువ వచ్చి లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది (ఈ జబ్బులో వెన్ను నీటిలో అమిలాయిడ్ తగ్గుతుంది). ఒక ట్యూబులోంచి మరో ట్యూబులోకి పోయడం కూడా అదే తప్పు చేస్తుంది. అమిలాయిడ్‌లో 42, 40 అనే రెండు రకాల నిష్పత్తి (42/40) అడగండి, ఒక్క 42 విలువ మీద ఆధారపడటం కంటే అది గట్టిది. "నడుములో నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతాయి" అనే భయం ఇంటింటా ఉంది. సూది వెన్నుపాము ముగిసిన చోటికి కిందుగా గుచ్చుతారని బొమ్మ గీసి చూపించండి. తలనొప్పి రావచ్చని, సాధారణంగా కొద్దిరోజుల్లో తగ్గుతుందని కూడా ముందే చెప్పండి.

మూడోది రక్త పరీక్ష. 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, పీ-టౌ217 (అల్జీమర్స్‌లో పెరిగే ఒక ప్రోటీన్), అమిలాయిడ్ 42 నిష్పత్తి చూసే ఒక రక్త పరీక్షకు అనుమతి ఇచ్చింది. అది 55 ఏళ్లు, ఆపైన వయసుండి లక్షణాలు ఉన్నవారికి మాత్రమే. లక్షణాలు లేని మనిషికి ఆరోగ్య ప్యాకేజీలో కలిపి చేయడం తప్పు, ఆ ఫలితంతో చేయగలిగింది లేదు, నిద్ర పాడుచేసుకోవడం తప్ప. కిడ్నీ పనితీరు తగ్గినవారిలో రక్తంలో పీ-టౌ217 పెరిగి కనిపించవచ్చు. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం వంటి, కిడ్నీ జబ్బు ఎక్కువున్న చోట్ల నుంచి వచ్చేవారికి క్రియాటినిన్ పక్కన పెట్టుకుని ఆ అంకె చదవాలి. నమూనాను ఈడీటీఏ ట్యూబులో తీసి, త్వరగా సెంట్రిఫ్యూజ్ చేసి, ప్లాస్మాను వేరుచేసి ల్యాబ్ చెప్పిన చలిలో పంపాలి. కలెక్షన్ సెంటర్లో సాయంత్రం దాకా బల్ల మీద ఉన్న ట్యూబు పనికిరాదు.

జన్యు పరీక్ష తప్పనిసరా?

మందు మొదలుపెట్టే ముందు ఏపీఓఈ అనే జన్యువు పరీక్ష చేయించాలని మా గట్టి సలహా. ఏపీఓఈ4 రకం జన్యువు తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు ప్రతులూ వచ్చినవారికి మెదడు వాపు ప్రమాదం బాగా ఎక్కువ. లెకానెమాబ్ ట్రయల్‌లో రెండు ప్రతులున్నవారిలో 32.6% మందికి, ఒకటి ఉన్నవారిలో 10.9%, అసలు లేనివారిలో 5.4% మందికి ఆ వాపు వచ్చింది. డోనానెమాబ్‌లో ఇవే అంకెలు వరుసగా 40.6%, 22.8%, 15.7%. బ్రిటన్, యూరప్ నియంత్రణ సంస్థలు రెండు ప్రతులున్నవారికి ఈ మందులు ఇవ్వవద్దనే అన్నాయి.

పరీక్షకు ముందు ఒక విషయం విడమరిచి చెప్పాలి: ఈ ఫలితం పేషెంటు ఒక్కరిది కాదు. రెండు ప్రతులున్న తండ్రి పిల్లలందరికీ ఒక ప్రతి తప్పక వెళుతుంది. మేనరికం చేసుకున్న ఇళ్లలో ఆ ప్రశ్న ఇటు అత్తగారి వైపు, అటు పుట్టింటి వైపు రెండు పక్కలా పాకుతుంది. ఫలితం ఎవరికి చెప్పాలో, ఎవరికి వద్దో పేషెంటుతోనే ముందు రాయించుకోండి.

ఎంఆర్ఐ సెంటరుతో ఏం మాట్లాడుకోవాలి?

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే, చాలాచోట్ల ఆఖరుకు నెట్టేసేదీ ఇదే. 3 టెస్లా మెషిన్ మంచిది, 1.5 టెస్లా కనీసం. ఫ్లెయిర్, డిఫ్యూజన్, టీ2-స్టార్ గ్రేడియంట్ ఎకో, ఎంఆర్ఐ తీసే ఈ మూడు పద్ధతులూ ప్రతిసారీ ఉండాలి. ఎస్‌డబ్ల్యూఐ అనే మరో పద్ధతి ఉంటే ఇంకా సూక్ష్మ మచ్చలు దొరుకుతాయి. కానీ మొదటిసారి గ్రేడియంట్ ఎకో, రెండోసారి ఎస్‌డబ్ల్యూఐ తీస్తే కొత్త మచ్చలు వచ్చినట్టు భ్రమ కలుగుతుంది, అవి ముందునుంచీ ఉన్నవే. గ్రేడియంట్ ఎకోలో ఎకో టైమ్ 20 మిల్లీసెకన్లకు తగ్గకూడదు, స్లైస్ మందం 5 మిల్లీమీటర్లు దాటకూడదు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ మామూలుగా అక్కర్లేదు.

ఒక పేషెంటుకు అన్ని స్కాన్లూ ఒకే మెషిన్ మీద జరగాలి. డిస్కౌంట్ ఇచ్చే చోటికల్లా మారితే పోల్చి చూడటం కుదరదు. రిపోర్టు ఫారంలో నాలుగు అంకెలు తప్పనిసరి చేయండి: వాపు ఎన్ని చోట్ల, ఎన్ని సెంటీమీటర్లు, కొత్త సూక్ష్మ మచ్చలు ఎన్ని, ఉపరితల రక్తపు చారలు ఎన్ని చోట్ల. "వయసు సంబంధిత మార్పులు" అని ముగిసే రిపోర్టుతో తర్వాతి డోసు ఇవ్వలేం.

స్కాన్లు ఎప్పుడెప్పుడు?

మందు మొదలయ్యే ముందు ఒకటి, అది ఏడాదిలోపుదై ఉండాలి. ఆ తర్వాత లెకానెమాబ్‌కు 3, 5, 7, 14వ డోసుల ముందు. డోనానెమాబ్‌కు 2, 3, 4, 7వ డోసుల ముందు. లెకానెమాబ్ మూడో డోసు ముందు స్కాన్ 2025 ఆగస్టులో కొత్తగా చేర్చారు, పాత కాగితాలు చూసి పనిచేసేవారు దాన్ని వదిలేస్తారు. లక్షణం ఏది కనిపించినా షెడ్యూలుతో పనిలేకుండా అదే రోజు స్కాన్.

రిపోర్టు చేతికి రానిదే సెలైన్ పెట్టొద్దు. నరసరావుపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషిని వెనక్కి పంపడం కష్టమే. అందుకే స్కాన్‌ను డోసుకు నాలుగైదు రోజుల ముందు పెట్టండి.

ఎన్ని కుర్చీలు, ఎన్ని స్కాన్లు కావాలి?

20 మంది పేషెంట్లతో లెక్క వేయండి. రెండు వారాలకోసారి ఇచ్చే లెకానెమాబ్ అయితే ఏడాదికి 26 చొప్పున 520 విడతలు. నాలుగు వారాలకోసారి ఇచ్చే డోనానెమాబ్ అయితే 13 చొప్పున 260. ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే రోజుకు ఇద్దరికి మించదు, రెండు కుర్చీలు చాలు. చాలనిది స్కానింగే. ఒక్కొక్కరికి మొదటి మూడు నెలల్లో నాలుగు స్కాన్లు, ఆరో నెల ప్రాంతంలో ఐదోది. 20 మందినీ ఒకే నెలలో మొదలుపెడితే మూడు నెలల్లో 80 స్కాన్లు, 80 పోలిక రిపోర్టులు. అదే నెలకు ఇద్దరి చొప్పున మొదలుపెడితే రేడియాలజిస్టుకు ఊపిరి ఆడుతుంది, సిస్టర్లకు చేయి తిరుగుతుంది.

మందు కలపడంలో, నిల్వలో ఎక్కడ తప్పులు జరుగుతాయి?

డోనానెమాబ్ వయల్ 20 మి.లీ., అందులో 350 మి.గ్రా. మందు. 2025 నుంచి పాటిస్తున్న మెట్లు: మొదటి నెల 350 మి.గ్రా., రెండో నెల 700, మూడో నెల 1,050, నాలుగో నెల నుంచి 1,400. అంటే వయల్స్ 1, 2, 3, 4. అంతకుముందు మూడు నెలలు 700 ఇచ్చి 1,400కి వెళ్లేవారు. కొత్త మెట్లతో 24 వారాల్లో మెదడు వాపు 24% నుంచి 14%కి తగ్గింది. పాత ప్రోటోకాల్ ప్రింటు గోడ మీద ఉంటే ఈరోజే తీసేయండి. 0.9% నార్మల్ సెలైన్‌తో కలిపాక గాఢత మి.లీ.కి 4 నుంచి 10 మి.గ్రా. మధ్య ఉండాలి: 350 మి.గ్రా.కి మొత్తం ద్రవం 35 నుంచి 87.5 మి.లీ., 1,400 మి.గ్రా.కి 140 నుంచి 350 మి.లీ. ఎక్కించడానికి కనీసం 30 నిమిషాలు, ఆపైన కనీసం 30 నిమిషాలు కనిపెట్టి ఉండాలి.

లెకానెమాబ్ డోసు బరువును బట్టి, కిలోకు 10 మి.గ్రా. వయల్స్ 500 మి.గ్రా., 200 మి.గ్రా. 50 కిలోల మనిషికి ఒక్క పెద్ద వయల్ సరిపోతుంది. 60 కిలోలకు మూడు చిన్నవి వాడితే చుక్క వృథా కాదు, ఒక పెద్దది ఒక చిన్నది తెరిస్తే 100 మి.గ్రా. పారబోయాలి. 250 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి, 0.2 మైక్రాన్ ఇన్‌లైన్ ఫిల్టర్ ఉన్న సెట్టుతో సుమారు గంటసేపు ఎక్కించాలి. ఆ ఫిల్టర్ సెట్టు మామూలు వార్డు స్టోరులో ఉండదు, ముందే ఇండెంట్ పెట్టండి. ప్రతిసారీ బరువు చూడండి, ఈ జబ్బులో మనిషి తగ్గిపోతుంటాడు.

వయల్‌ను ఊపకూడదు, నురగ వస్తే ప్రోటీన్ దెబ్బతింటుంది. మెల్లగా తలకిందులు చేస్తే చాలు. గ్లూకోజ్ సెలైన్‌లో కలపకూడదు. ఇక మన ఎండ. కలిపిన లెకానెమాబ్ గది వేడిలో 30 డిగ్రీల దాకా, అదీ నాలుగు గంటలే ఆగుతుంది. మే నెలలో విజయవాడలో కరెంటు పోయి ఏసీ ఆగిన గది ఆ గీత దాటడానికి ఎంతోసేపు పట్టదు. కాబట్టి పేషెంటు వచ్చి, బరువు, బీపీ, లక్షణాలు చూసి, క్యాన్యులా పడ్డాకే వయల్ తెరవండి. ఫ్రిజ్‌కు జనరేటర్ లైను, ఉష్ణోగ్రత నమోదుచేసే లాగర్ ఉండాలి. వ్యాక్సిన్ ఫ్రిజ్‌లో చోటు ఇవ్వండి. సిస్టర్ల భోజనం డబ్బాలు పెట్టే ఫ్రిజ్ దీనికి పనికిరాదు.

ఎక్కించేటప్పుడు రియాక్షన్ వస్తే?

లెకానెమాబ్ ట్రయల్‌లో నలుగురిలో ఒకరికి వచ్చింది, ఎక్కువగా మొదటి డోసుకే. చలి, జ్వరం, వాంతి, బీపీ మార్పు. ఆపండి, పారాసిటమాల్, యాంటీహిస్టమిన్, అవసరమైతే స్టెరాయిడ్. అడ్రినలిన్, ఆక్సిజన్ పక్కనే ఉండాలి. మొదటి డోసు తర్వాత మూడు గంటలు, రెండు, మూడు డోసుల తర్వాత రెండేసి గంటలు, ఆపైన అరగంట కూర్చోబెట్టాలని అమెరికా నిపుణుల సూచన.

అరియా అంటే ఏమిటి?

ఈ మందుల ప్రధాన ప్రమాదం అదే. అమిలాయిడ్ మెదడు రక్తనాళాల గోడల్లో కూడా ఉంటుంది. మందు దాన్ని లాగేటప్పుడు గోడ బలహీనపడి నీరు ఊరుతుంది, అది అరియా-ఇ. రక్తం చుక్కలుగా కారుతుంది, అది అరియా-హెచ్. లెకానెమాబ్‌లో 12.6% మందికి వాపు, 17.3% మందికి రక్తపు మచ్చలు వచ్చాయి. పాత మెట్ల డోనానెమాబ్‌లో 24%, 31.4%. ఎక్కువమందికి లక్షణాలే ఉండవు, స్కాన్‌లో మాత్రమే కనిపిస్తుంది. డోనానెమాబ్ ట్రయల్‌లో తీవ్రమైన అరియా వచ్చినవారిలో ముగ్గురు చనిపోయారు. ఈ మాట కూడా సంతకానికి ముందే ఇంట్లోవాళ్లకు, పేషెంటుకు చెప్పాలి.

అరియా లక్షణాలు ఇవి: తలనొప్పి, కొత్తగా పెరిగిన అయోమయం, చూపు మసక, తూలు, వాంతి, ఫిట్స్. జబ్బుకు ఉన్న అయోమయాన్నీ దీన్నీ ఇంట్లోవాళ్లు ఎలా తేల్చుకోవాలి? రోజుల్లో పెరిగిందా, నెలల్లో పెరిగిందా అని అడగమనండి. రోజుల్లో అయితే ఫోన్.

స్కాన్‌లో వాపు ఒకేచోట 5 సెం.మీ. లోపు ఉంటే స్వల్పం, 5 నుంచి 10 లేదా ఒకటికి మించిన చోట్ల ఉంటే మధ్యస్థం, 10 దాటితే తీవ్రం. కొత్త మచ్చలు 4 దాకా స్వల్పం, 5 నుంచి 9 మధ్యస్థం, 10, ఆపైన తీవ్రం. మధ్యస్థం, తీవ్రం అయినా, లక్షణం ఏదైనా ఉన్నా డోసు ఆపి, తగ్గేదాకా నెలనెలా స్కాన్ తీసి చూడాలి. తీవ్రమైతే ఐసీయూ, ఫిట్స్‌కు మందు, రోజుకు 1 గ్రాము మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఐదు రోజులు ఇవ్వడం నిపుణుల పద్ధతి.

ఎమర్జెన్సీ గదికి ఏం నేర్పాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. అరియా వచ్చిన మనిషి మాట తడబడుతూ, ఒక చేయి పడిపోయి రావచ్చు. చూసినవారికి పక్షవాతం. 108లో వస్తాడు, సీటీలో రక్తం కనిపించదు, నాలుగున్నర గంటల లోపే ఉన్నాడు, గడ్డ కరిగించే ఆల్టెప్లేసో టెనెక్టెప్లేసో ఇచ్చేస్తారు. లెకానెమాబ్ తీసుకుంటున్న మనిషికి ఆ ఇంజెక్షన్ ఇచ్చాక మెదడు నిండా రక్తస్రావమై చనిపోయిన కేసు 2023లో వైద్య పత్రికలో వచ్చింది. అందుకే ఈ పేషెంట్లకు ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదన్నది నిపుణుల మాట. పెద్ద రక్తనాళంలో గడ్డ రుజువైతే దాన్ని తీగతో లాగే దారి ఆలోచించవచ్చు.

పేషెంటు మీ ఆసుపత్రికే వస్తాడని నమ్మకం లేదు. పండక్కి బాపట్ల వెళ్లి ఉండొచ్చు, గుడివాడలో పెళ్లిలో ఉండొచ్చు. కాబట్టి జేబులో కార్డు, మెడలో ట్యాగ్, ఫోన్ లాక్ స్క్రీన్ మీద నోటు. తెలుగులో, ఇంగ్లిష్‌లో: మందు పేరు, ఆఖరి డోసు తేదీ, "గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవద్దు, ఎంఆర్ఐ తీయండి", 24 గంటలూ ఎత్తే నంబరు. ఆ నంబరు ల్యాండ్‌లైన్ అయి రాత్రి తొమ్మిదికి మూగబోతే కార్డు కాగితం ముక్కే. గుంటూరు జీజీహెచ్, విజయవాడ జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్ ఎమర్జెన్సీ విభాగాలకు, చుట్టుపక్కల స్ట్రోక్ సెంటర్లకు ఒక పేజీ నోటు ముందే పంపండి. ఎమర్జెన్సీ ట్రయాజ్ ఫారంలో "అల్జీమర్స్ ఇంజెక్షన్ తీసుకుంటున్నారా?" అనే ఒక్క ప్రశ్న చేర్చండి.

రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి?

ఆస్పిరిన్ లాంటివి మామూలు మోతాదులో ఉండవచ్చు. వార్ఫరిన్, అపిక్సబాన్, డాబిగాట్రాన్ వంటివి వాడేవారికి మొదలుపెట్టొద్దు. మందు మధ్యలో గుండె దడ జబ్బు బయటపడి అవి అవసరమైతే అల్జీమర్స్ మందు ఆపాలి, గుండె మందు కాదు. ఈ మాట కార్డియాలజిస్టుకు మీరే చెప్పండి, పేషెంటు మోసుకెళ్లలేడు.

ఎప్పుడు ఆపాలి?

డోనానెమాబ్‌ను అమిలాయిడ్ తొలగిపోయాక ఆపవచ్చు, అదే దాని సౌలభ్యం. ట్రయల్‌లో సగానికి కాస్త తక్కువమంది ఏడాదిలో ఆ స్థితికి వచ్చారు. కానీ తెలుసుకోవడానికి మళ్లీ పెట్ స్కాన్ కావాలి. మొదలుపెట్టేరోజే ఆ రెండో స్కాన్ ఎక్కడో, ఎప్పుడో రాసుకోండి. లెకానెమాబ్‌ను 18 నెలల తర్వాత నాలుగు వారాలకోసారికి తగ్గించవచ్చు. జబ్బు మధ్యదశ దాటితే రెండిటినీ ఆపడం గురించి కూర్చుని మాట్లాడాలి.

ఖర్చు గురించి ఏం చెప్పాలి?

మందు ధర ఒక్కటే చెప్పకండి. అమిలాయిడ్ పరీక్ష, జన్యు పరీక్ష, మొదటి ఏడాది ఐదు ఎంఆర్ఐలు, ఇన్ఫ్యూషన్ ఛార్జీలు, ఎవరో ఒకరు ప్రతిసారీ పని మానుకుని తోడు రావడం, అరియా వస్తే ఐసీయూ. అన్నీ కలిపిన కాగితం ఇచ్చి వారం తర్వాత రమ్మనండి. పొలం అమ్మి అయినా చేయిస్తామనే కొడుకుకు ఆ వారం చాలా అవసరం. 2025లో మందుల విలువ తేల్చే బ్రిటన్ సంస్థ నైస్ ముసాయిదాలో, ఈ రెండు మందుల మేలు ప్రభుత్వం పెట్టే ఖర్చుకు తగినంత లేదని తేల్చింది. ఈ సంగతి కూడా చెప్పవచ్చు. వేయించకపోతే తల్లికి అన్యాయం చేశామనే బరువు ఎవరూ మోయాల్సిన పని లేదు.

అర్హత లేదని తేలినవారికి ఏం చేయాలి?

పది మందిలో తొమ్మిది మంది వీళ్లే కావచ్చు, క్లినిక్ పెట్టేది వీళ్ల కోసం కూడా. డోనెపెజిల్ 5 మి.గ్రా.తో మొదలుపెట్టి నాలుగు నుంచి ఆరు వారాలకు 10కి పెంచండి. ముందు ఈసీజీ తీయండి, గుండె వేగం తగ్గించే మందు ఇది. మెమంటీన్ మధ్యదశ నుంచి. చెవి యంత్రం, కళ్లజోడు, బీపీ, షుగర్ సరిచేయడం చిన్న విషయాలు కావు. రాత్రి లేచి తలుపు తీసుకుని వెళ్లిపోయే తండ్రికి నిద్రమాత్ర కంటే తలుపు పైభాగాన గడియ, చొక్కా లోపల కుట్టిన ఫోన్ నంబరు ముందు. చూసుకునే కోడలికి వారానికి ఒక పూట సెలవు ఎలా దొరుకుతుందో ప్రిస్క్రిప్షన్ వెనక రాయండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, టెలిమానస్ 14416 నంబర్లు కూడా అదే కాగితం మీద ఉండాలి. మూడు నెలల తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ వేయకుండా ఎవరినీ బయటికి పంపకండి.